పదకొండు చుట్టలు

ఆదివారం మధ్యాహ్నం దొర బంగళాకి రావాలని కిరాణీ సీతారాం చెప్పేసరికి కూర్మమ్మ రబ్బరు పాల బకెట్టు తోముతోంది. చెయ్యి ఆపలేదు. ఎస్టేటులో కిరాణీ అంటే ఆఫీసు గుమస్తా. హాజరు వేసేదీ ఆయనే, దొర మాట కూలీలకి చెప్పేదీ, కూలీల మాట దొరకి చెప్పేదీ ఆయనే. అలాంటి మనిషి ఇస్త్రీ లాగూ నలక్కుండా ఎత్తి పట్టుకుని కూలీల ఇళ్ళుండే లైన్ల దాకా నడిచి వచ్చాడంటే ఏదో పెద్ద విషయమే ఉండాలి. కూర్మమ్మకి మాత్రం పెద్ద విషయం ఒక్కటే. అప్పన్నను పట్టుకుపోయి ఆ రోజుకి తొమ్మిది రోజులు.

అప్పన్న ఆమె మొగుడు. తెల్లవారి చెట్లు గీయడానికి వెళ్తుంటే లైన్ల చుట్టూ వేసిన ముళ్ళకంచె గేటు దగ్గర అతని బకెట్టు అడుగున పదకొండు చుట్టలు దొరికాయి. కంచె దాటి బియ్యపు గింజ పోకూడదు, చక్కెర పోకూడదు, మందుబిళ్ళ పోకూడదు, పొగాకు పోకూడదు. పోతే అడవిలో తుపాకులు పట్టుకు తిరిగే కమ్యూనిస్టులకే పోయినట్టు లెక్క. మిగతా దేశంలో చాలాచోట్ల కంచెలు ఊడబెరికేస్తున్నారు. ఇంకో పదహారు రోజుల్లో మెర్డెకా అంటున్నారు, అంటే స్వతంత్రం. పక్క పట్నం సుంగై సిపుట్ బజార్లో దర్జీలందరూ జెండాలే కుడుతున్నారు. ఈ చుట్టుపక్కల మాత్రం కంచె కంచెలాగే ఉంది, కొత్తగా వచ్చిన గేటు కాపలావాడు పాతవాళ్ళకంటే రెండాకులు ఎక్కువ చదివినవాడు.

ఆ చుట్టలు అప్పన్నవి కావు. అతనికి పొగ పడదు, పక్కవాడు కాలిస్తే దగ్గు తెర పట్టుకుంటుంది. అవి కూర్మమ్మవి. ఆమెకీ, ఆమె వరసలోనే చెట్లు గీసే ఎర్రమ్మకీ, చిన్నతల్లికీ ఒక పూటకి సరిపడా చుట్టలు. చుట్టేది కూర్మమ్మ. గేటు దగ్గర ఆడవాళ్ళని ఆడ పోలీసు కొప్పు విప్పించి మరీ తడుముతుంది, మగవాళ్ళ బకెట్టు మీద మాత్రం కర్రతో ఓ దెబ్బ వేసి పొమ్మంటారు. అందుకని రెండు నెలలుగా కట్ట అప్పన్న బకెట్టులో వెళ్తోంది. లైన్లలో అందరికీ తెలిసిన సంగతే. పోలీసులకి తెలియదు, చెప్పే ధైర్యం ఎవరికీ లేదు.

సీతారాం చెప్పింది ఇదీ. ఈపోలో ఒక చుట్టల కంపెనీ మెర్డెకా కోసమని ప్రత్యేకంగా ఒక పెద్ద చుట్ట తయారు చేస్తోంది. ఐదు వందల పెట్టెలే, మళ్ళీ చెయ్యరు. టేకు పెట్టె, చుట్టకి బంగారు రంగు కాగితపు ఉంగరం. పెద్ద పెద్దవాళ్ళకి కానుకగా పోయే సరుకు. మన దొరకి ఆ కంపెనీలో వాటా ఉంది. మూడు రకాలు చుట్టించారు, ఏది ఖాయం చెయ్యాలో తేలడం లేదు. మా ఎస్టేటులో ఒకామె ఉంది, ఒక్క దమ్ముతో ఆకు పుట్టుపూర్వోత్తరాలు చెప్పేస్తుంది అని సీతారాం ఓ రోజు ఆఫీసులో అన్నాడు. దొరకి సరదా పుట్టింది.

"పోలీసు దొర కూడా వస్తాడు. ఈ మధ్యే బదిలీ అయి వచ్చినాడు. అర్జీ నేను టైపు కొట్టి ఉంచుతాను. వాళ్ళు సంతోషంగా ఉన్న టైములో చేతిలో పెడతాను," అన్నాడు సీతారాం. "అప్పన్నకి పుట్టిన కాగితం లేదు కదా. ఇక్కడే పుట్టినా ఇండియావాడి కిందే లెక్క. పినాంగులో ఓడెక్కిస్తే మరి తీసుకురాలేం, కూర్మమ్మా. ఇదొక్కటే దారి."

కూర్మమ్మ బకెట్టు బోర్లించి లేచి నిలబడింది. వస్తానంది. అప్పన్న ఇండియా మొహం ఎరగడు. అక్కడ దిగి ఏ ఊరు పోవాలో కూడా తెలియని మనిషి.

మర్నాడు సాయంత్రం ఆమెను ఆఫీసు వెనక వరండాలో కూర్చోబెట్టి సీతారాం రెండు సంగతులు నూరిపోశాడు. ఒకటి, మూడో నంబరు చుట్ట బాగుందని చెప్పాలి. కంపెనీ దొరకి మనసులో ఉన్నది అదే, పెట్టెల మీద పేరు అచ్చు కూడా వేయించేశాడు. రెండోది చెప్పడానికి ఆయన కాస్త నసిగాడు. దొరల ముందు నిప్పు నోట్లో పెట్టుకోవద్దు.

కూర్మమ్మ తరం ఆడవాళ్ళందరూ కాల్చేది అడ్డపొగే. చుట్ట అంటించి, నిప్పున్న కొస నోట్లోకి తిప్పి పెదవులు మూస్తారు. వాళ్ళ అమ్మలు కళింగపట్నం వైపు నుంచి ఓడలో తెచ్చుకున్న అలవాటు. చెట్టు గీసేటప్పుడు రెండు చేతులూ పనిలో ఉంటాయి. నిప్పు లోపల ఉంటే వాన చినుక్కి ఆరదు, బూడిద రాలి పాల చిప్పలో పడదు. చిప్పలో బూడిద పడితే ఆ పూట పాలు మాసిపోయాయని మేస్త్రీ పారబోయిస్తాడు. అలవాటు లేనివాళ్ళకి చూస్తేనే నోరు కాలుతుంది. సీతారాం కౌలాలంపూర్‌లో చదువుకున్నవాడు, అక్కడ తెలుగు సంఘం మీటింగులకి టై కట్టుకుని వెళ్ళేవాడు. తనవాళ్ళు నిప్పు మింగుతారని దొరలకి తెలియడం ఆయనకి బొత్తిగా ఇష్టం లేదు.

అర్జీలో ఏం రాశారని అడిగింది కూర్మమ్మ.

"రాయాల్సింది రాసినాను లే. నువ్వు చుట్ట సంగతి చూసుకో," అన్నాడాయన.

చదివి వినిపించమని అడగాలనిపించింది గానీ అడగలేదు. ఉపకారం చేస్తున్న మనిషిని నిలదీసినట్టుంటుందేమోనని ఊరుకుంది.

శనివారం ఇంటి ముందు కూర్చుని దొరల పద్ధతిలో కాల్చి చూసింది. నిప్పు బయట, కొస లోపల. పొగ వచ్చింది, పోయింది. నాలిక్కి ఏమీ అందలేదు. తడిగుడ్డ మూటలోంచి ముక్కు పెట్టి వాసన చూసినట్టుంది. ఎర్రమ్మ చూసి ముందు పకపకా నవ్వింది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుని కూర్మమ్మ పక్కన కూలబడింది. "వదినా, మా పేరు రానీకు. మా ఇంట్లో ఎవరికీ కాగితాల్నేవు. ఇద్దరు కొడుకులూ బుగ్గయిపోతారు," అంది. చిన్నతల్లి కూడా అదే మాట చెప్పమందట. కూర్మమ్మ ఆమె చేతి మీద చెయ్యి వేసి, మీ పేర్లు నా నోట రావు అంది.

ఆదివారం బంగళా వరండాలో పేము కుర్చీల్లో ముగ్గురు దొరలు కూర్చుని ఉన్నారు. ఎస్టేటు దొర, ఈపో నుంచి వచ్చిన కంపెనీ దొర, పోలీసు దొర. కంపెనీ దొర చేతులు పసిపిల్లాడి చేతుల్లా మెత్తగా ఉన్నాయి. పోలీసు దొర సన్నగా, మెడ ఎండకి కమిలి, మాట్లాడకుండా ఒక పక్కగా కూర్చున్నాడు. సీతారాం నిలబడే ఉన్నాడు. ఆమె వచ్చేలోపలే అర్జీ ఇచ్చేసినట్టున్నాడు, పోలీసు దొర చొక్కా జేబులోంచి కాగితం కొస కనిపిస్తోంది. ఆ కొస మీద నుంచి కూర్మమ్మ కళ్ళు తిప్పుకోలేకపోయింది.

తెల్ల పళ్ళెంలో మూడు చుట్టలున్నాయి. ఒక్కోటి ఆమె చుట్టే చుట్టలు రెండు కలిపినంత లావు. నోరు కడుక్కోవడానికి వట్టి నీళ్ళు అడిగింది. పుక్కిలించి మొక్కల్లో ఉమ్మి వచ్చి నేల మీద కూర్చోబోతే దొర స్టూలు చూపించాడు.

మొదటిది తీసుకుని చెవి దగ్గర వేళ్ళ మధ్య దొర్లించింది. ఆకు సన్నగా, సమంగా చిటపటమంది. ముక్కు దగ్గర పెట్టుకుంది. రెండో చేత్తో చుట్ట నడుం నొక్కి చూసింది, నొక్కిన చోట ఆకు నెమ్మదిగా మళ్ళీ పైకి లేచింది. అంటించి, సీతారాం చెప్పినట్టే నిప్పు బయట ఉంచి ఒక దమ్ము లాగింది. ఏమీ లేదు. రెండో దమ్ము లాగింది. ఏమీ తెలియడం లేదు. దొరలు కాళ్ళు ఊపుతూ చూస్తున్నారు. అప్పన్న ప్రాణం ఈ నాలిక మీద పెట్టి, నాలికనే కట్టేస్తే ఎలాగ అని ఆమెకి ఒళ్ళు మండింది. బూడిద దులిపి, చుట్టను తిప్పి, నిప్పు నోట్లో పెట్టుకుని పెదవులు మూసింది.

కంపెనీ దొర కుర్చీలోంచి సగం లేచాడు. ఎస్టేటు దొర బల్ల చరిచి నవ్వాడు. సీతారాం తల దించుకుని తన బూట్ల వైపు చూసుకున్నాడు. పోలీసు దొర మాత్రం కదల్లేదు.

లోపల నిప్పు వేడికి అంగిట్లో ఆకు విప్పుకుంది. ఇప్పుడు తెలిసింది. నీడలో ఆరిన ఆకు, తొందరపెట్టని ఆకు. చివర్లో కాస్త చేదు, ఆ చేదు కూడా మర్యాదగా ఉంది. రెండోది అలాగే చూసింది. మళ్ళీ నోరు కడుక్కుని మూడోది నోట్లో పెట్టుకుంది. ముందు తేనె, లవంగం, ఘుమఘుమలాడిపోయింది. కళ్ళు మూసుకుని ఇంకా లోపలికి పోనిచ్చింది. అప్పుడు తగిలింది, ఆ తీపి కిందనుంచి, వానలో తడిసి రెండ్రోజులు మూలపడ్డ గోనెసంచి వాసన.

చెప్పాల్సిన మాట ఆమెకి తెలుసు. మూడోది బాగుంది అనాలి, అంతే, రెండు మాటలు. పెదవుల దాకా తెచ్చుకుంది కూడా. బతుకులో ఎన్నిసార్లు అబద్ధమాడలేదు కనక? మేస్త్రీకి ఆడింది, గేటు దగ్గర ఆడింది. ఆకు విషయంలో మాత్రం ఎప్పుడూ ఆడలేదు. ఈ ఒక్క సంగతిలోనే ఆమె మాటకి లైన్లలో ఎదురు చెప్పినవాళ్ళు లేరు.

"మొదటిదే సుట్ట బాబూ," అంది సీతారాంతో. "దాన్లో దొంగతనం నేదు. రెండోది ఆకు మంచిదే, సుట్టినోడి సెయ్యి బిగువు, గాలాడదు. మూడోది పచ్చాకు కట్టేసినారు. ఆరకుండా కట్టేసి తేనె జల్లి కప్పెట్టినారు. పెట్టిలో ఎట్టి మూతేత్తే నెల్లాళ్ళకి బూజు."

సీతారాం ఒక్క క్షణం ఆగాడు. తర్వాత దొరల వైపు తిరిగి నవ్వు మొహంతో ఇంగ్లీషులో చెప్పాడు. చెబుతూ మూడో చుట్ట వైపు వేలు చూపించాడు. కంపెనీ దొర తొడ చరుచుకున్నాడు. ముందుకు వంగి కూర్మమ్మ చెయ్యి పట్టుకుని ఊపాడు. లండన్‌లో ఉన్న పెద్ద నిపుణుడు కూడా ఇదే చెప్పాడట, సీతారాం ఆమెకి తెలుగులో చెప్పాడు. తన మాట అవతలికి ఎలా వెళ్ళిందో కూర్మమ్మకి అర్థమైంది. పోనీలే, అదీ ఒకందుకు మంచిదే అనుకుంది. తను ఆకుకి అన్యాయం చెయ్యలేదు, ఆయన పని ఆయన చేశాడు.

"నెల్లాళ్ళకే బూజు పడతాదా?" అన్నాడు పోలీసు దొర.

తెలుగులో అన్నాడు. దొర యాసే గానీ, మాట అచ్చంగా కూర్మమ్మ వాళ్ళ అమ్మ మాట్లాడే మాట. సీతారాం మొహంలో నెత్తురు చుక్క లేదు. బొబ్బిలి, పార్వతీపురం వైపు తొమ్మిదేళ్ళు పోలీసు ఉద్యోగం చేశానని, అక్కడ ఆడవాళ్ళు ఇలా కాల్చడం చాలాసార్లు చూశానని దొర చెప్పాడు. మిగతా ఇద్దరు దొరలకి ఏమీ అర్థం కాలేదు, చుట్టల మీద ఏదో పరాచికం అనుకుని నవ్వుతున్నారు. సీతారాం మాట మార్చిన సంగతి ఆయన వాళ్ళకి చెప్పలేదు. సీతారాంని ఒకసారి చూసి ఊరుకున్నాడు.

కూర్మమ్మకి ప్రాణం లేచి వచ్చింది. పుట్టి బుద్ధెరిగాక, కుర్చీలో కూర్చునేవాడు తన మాట తిన్నగా వినడం ఇదే మొదలు. మధ్యలో ఎవరూ అక్కర్లేదు.

పోలీసు దొర జేబులోంచి అర్జీ తీసి మడత విప్పాడు. చదివాడు. తలెత్తి అడిగాడు.

"నీ మొగుడు సుట్ట తాగుతాడా?"

దొర వెనక నిలబడ్డ సీతారాం తల ఊపాడు. అవునను, అవునను అని. కూర్మమ్మ చూసింది. ఇందాకే ఆ మనిషి దొరికిపోయాడు. అబద్ధం చెప్పి ఈ దొర దగ్గర తనూ దొరికిపోతే అప్పన్న గతి ఏం కావాలి? నిజానికి విలువ ఇచ్చే మనిషి ఎదురుగా కూర్చుంటే మళ్ళీ అబద్ధమా అనుకుంది.

"నేదు బాబూ," అంది. "ఆ వాసనే ఆయనకి పడదు. అవి నావి."

దొర వేలు కాగితం మీద ఆగిపోయింది. తర్వాత తొందర లేకుండా, ఒక్కో మాట వెతుక్కుంటూ చెప్పాడు. ఠాణాలో అప్పన్న అవి తనవేనన్నాడు. రోజూ తాగుతానన్నాడు. ఈ కాగితంలోనూ అదే ఉంది, అప్పన్నకి చుట్ట అలవాటు, సొంతానికే తెచ్చుకున్నాడని. రెండూ ఒకటిగా ఉన్నాయి గనక మందలించి వదిలేద్దామని అనుకుంటూనే ఇక్కడికి వచ్చాడు.

అప్పన్న ఆమె పేరు రాకుండా నేరం నెత్తిన వేసుకున్నాడని, ఆ మాటే కాగితంలోకి ఎక్కిందని, దాన్ని ఇప్పుడు తన నోటితోనే తను చెరిపేసిందని, అన్నీ కూర్మమ్మకి ఒక్కసారే తెలిశాయి.

"అవి నావే బాబూ, నిజంగా నావే. ఆయన మోసినాడంతే," అంది గబగబా.

"పదకొండూనా? ఒక్క పూటలో?"

నిజం నాలిక మీదే ఉంది. ఎర్రమ్మ, చిన్నతల్లి. ఆ రెండు పేర్లూ చెబితే లెక్క సరిపోతుంది. చెబితే రేపు తెల్లవారేసరికి లైన్లలో రెండు ఇళ్ళ ముందు లారీ ఆగుతుంది. కూర్మమ్మ కళ్ళు దించుకుంది.

"నానే బాబూ. పదకొండూ నానే," అంది.

దొర చాలాసేపు ఆమె వైపు చూశాడు. ఆయన గొంతులో కోపం లేదు, అందుకే ఆమెకి ఇంకా భయం వేసింది.

"మూడో సుట్ట సంగతి సెప్పినప్పుడు మొహం సూసి సెప్పినావు," అన్నాడు. "ఇప్పుడు నేల సూస్తున్నావు."

చుట్ట తాగనివాడు, తాగుతానని పోలీసులకి చెప్పాడు. అర్జీ రాసినవాడు మాట తిప్పేవాడని దొర తన చెవులతో విన్నాడు. పెళ్ళాం సగం చెప్పి సగం దాస్తోంది. దాచిన ఆ సగం అడవిలోకే పోతోందని ఏ పోలీసువాడైనా అనుకుంటాడు. దొర కాగితం మడిచి జేబులో పెట్టుకోలేదు. సీతారాం చేతికి తిరిగి ఇచ్చేశాడు. కంపెనీ దొర సంతోషంగా మూడో రకం చుట్టలు నాలుగు కాగితంలో చుట్టి కూర్మమ్మ ఒళ్ళో పెట్టాడు. ఆమె వాటిని స్టూలు మీద వదిలేసి వచ్చేసింది.

దిగువకి వచ్చే దారిలో రబ్బరు చెట్లు మొదలయ్యాక సీతారాం ఆగి, అర్జీ నీకు ఒక్కసారి చదివి వినిపించి ఉంటే బాగుండేదమ్మా అన్నాడు. ఆడమనిషి నిప్పు నోట్లో పెట్టుకుని పూటకి ఇన్నేసి చుట్టలు కాలుస్తుందని ఇంగ్లీషులో రాయడానికి చెయ్యి రాలేదట. చదివి నవ్వుతారేమో, నమ్మరేమో అనుకున్నాడట. సిగ్గేసింది అన్నాడు చివరికి.

"సిగ్గేటి బాబూ అందులో?" అంది కూర్మమ్మ.

ఆమె జవాబు కోసం ఆగలేదు. ఆయన్ని తిట్టడానికైనా ఒంట్లో సత్తువ లేదు. తిట్టాల్సి వస్తే ముందు తన నోటినే తిట్టుకోవాలి.

మళ్ళీ బంగళాకి వెళ్ళి దొర కాళ్ళ మీద పడదామనుకుంది, సోమవారం వెళ్ళింది కూడా. పోలీసు దొర అక్కడ ఉండడు కదా, పట్నంలో ఉంటాడు. మంగళవారం సెలవు పెట్టి పట్నం ఠాణాకి వెళ్తే దొరగారు పని మీద ఉన్నారని గుమ్మంలోంచే పంపేశారు. బుధవారం కూడా అంతే. గురువారం నుంచి మేస్త్రీ సెలవు ఇవ్వనన్నాడు. తెల్లవారి గేటు దగ్గర కొప్పు విప్పి చూపించి, వరసలోకి వెళ్ళి, చెట్టు చెట్టుకీ సన్న పట్టీ బెరడు గీసి, చిప్పలు సర్ది, పాలు ఎత్తుకుని వచ్చేది. ఎర్రమ్మ ఆమె బకెట్టు తను మోస్తానని వచ్చేది. రెండు మూడుసార్లు ఏదో చెప్పబోయి ఆగింది. నేనే వెళ్ళి చెప్పేస్తాను వదినా అని ఒకరోజు అననే అంది. అంటున్నప్పుడు ఎర్రమ్మ పెదవులు వణుకుతున్నాయి. ఊరుకోమంది కూర్మమ్మ. ఆ పది రోజులూ ఆమె చుట్ట ముట్టలేదు.

ఆ పై వారం సీతారాం తనే లైన్లలోకి వచ్చాడు. అప్పన్నను ఓడెక్కించే ఆర్డరు వచ్చేసిందట. మర్నాడు పది గంటలకి లారీ పెద్ద రోడ్డు మీద నుంచి వెళ్తుంది, కూడలిలో పోలీసు చెక్‌పోస్టు దగ్గర ప్రతి బండీ ఆగాలి గనక అక్కడ నిలబడితే చూడొచ్చు అన్నాడు. ఆ పూట ఆమె హాజరు తనే వేసేస్తానన్నాడు. కళ్ళెత్తి చూడలేదు.

కూడలిలో వెదురు బొంగులు పాతి కొత్త జెండాల తోరణాలు కట్టారు. ఒకడు నిచ్చెన ఎక్కి తోరణం బిగిస్తున్నాడు. మెర్డెకాకి ఇంకా రెండు రోజులు. కూర్మమ్మ ఉతికిన చీర కట్టుకుని, అప్పన్న లుంగీలు రెండు, బనీను ఒకటి మూట కట్టుకుని ఎనిమిదింటికే వచ్చి నిలబడింది. చెప్పాల్సింది దారి పొడుగునా పేర్చుకుంది. నేనే పాడు చేసినాను, నా నోరే పాడు చేసింది, నన్ను తిట్టు అని చెప్పాలి. మొదట అదే చెప్పాలి.

లారీ వచ్చి ఆగింది. వెనక ఇనప వల బిగించి ఉంది, లోపల ఐదుగురు. అప్పన్న గడ్డం పెరిగిపోయి వెంటనే పోల్చుకోలేకపోయింది. అతనే ముందు చూశాడు. వల దగ్గరికి వచ్చి వేళ్ళు కన్నాల్లోంచి బయటికి పెట్టాడు. ఆమె ఆ వేళ్ళు పట్టుకుంది. పోలీసువాడు మూట తీసుకుని విప్పి దులిపి చూసి లోపలికి విసిరాడు.

అప్పన్న మొహంలో ఏడుపు లేదు. ఏదో గెలిచి వచ్చినవాడిలా ఉన్నాడు. గొంతు తగ్గించి, పోలీసువాడు వినకుండా చెప్పాడు.

"నీ పేరు రానీనేదు, తెలుసా? ఎంత అడిగినా నావే అన్నాను. ఆ తెల్లదొర మొన్న మళ్ళీ వచ్చి నువ్వు తాగవంట గదా అన్నాడు. ఎవరో ఏదో సెప్పినారు, నాను మాట మార్సనేదు. నీ కోసం ఎవరూ రానేదు కదా?"

"నేదు," అంది కూర్మమ్మ. "ఎవరూ రానేదు."

"సూసినావా మరి," అన్నాడు అప్పన్న.

పేర్చుకున్న మాటలు ఇప్పుడు చెబితే ఇతని దగ్గర మిగిలిన ఆ ఒక్క గెలుపూ లాక్కున్నట్టే. ఓడలో అన్ని రోజులు, ఆ తర్వాత తెలియని ఊళ్ళో ఎన్ని రోజులో, ఇతను దేన్ని పట్టుకుని బతకాలి? డ్రైవరు ఇంజను వేశాడు. ఆమె అతని వేళ్ళు వదల్లేదు.

"మంచి పని సేసినావు," అంది, అతని మొహం చూసే అంది. "నన్ను కాపాడినావు."

అప్పన్న నవ్వాడు. లారీ కదిలింది, వేళ్ళు జారిపోయాయి. ఆమె కొంత దూరం దాని వెనక నడిచింది, తర్వాత ఆగింది.